కాలు తీసినా తగ్గని ఇంజిను



మన మందిరం ముందు చింతచెట్టు కింద నిలబడే పాత అంబాసిడర్ కారు మీకందరికీ తెలిసిందే. పెళ్లికూతుళ్లనూ, పురిటి నొప్పులు పడే తల్లులనూ ఎక్కించుకున్న బండి. ఉత్తరపారాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గానీ, మన బండి ఇంకా పరిచర్యలోనే ఉంది.

మొన్న గురువారం పక్క ఊరి గృహకూటానికి వెళ్తూ, బడి మలుపు దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. ఇంజిను హోరు తగ్గలేదు. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతున్నారు. క్లచ్ నొక్కి, బ్రేకు తొక్కి, తాళం తిప్పేశాను. వాళ్లకు నాలుగు బారల దూరంలో బండి ఆగింది. దేవునికి స్తోత్రం. చాలాసేపటి వరకు నా చేతుల వణుకు తగ్గలేదు.

బానెట్ ఎత్తితే, కార్బురేటర్ పక్కన చిటికెన వేలంత స్ప్రింగు తుప్పు పట్టి, కొక్కెం దగ్గర తెగి వేలాడుతోంది. మనం కాలు నొక్కితే లోపలి థ్రాటిల్ రేకు తెరుచుకుంటుంది. కాలు తీయగానే దాన్ని వెనక్కి లాగి మూసేది ఈ స్ప్రింగే. దానికున్న పని అంతే.

"కొత్తది తగిలించేస్తే సరిపోదా బాబాయ్?" అని మెకానిక్‌ను అడిగాను.

"ముందు లివరు ఎక్కడ పట్టేస్తుందో చూడాలండి అయ్యగారూ. మట్టి పేరుకున్న చోట ఎంత గట్టి స్ప్రింగు వేసినా ఒకటే" అన్నాడాయన.

ఎయిర్ క్లీనర్ విప్పి, పెడల్ నుంచి వచ్చే రాడ్డు ఊడదీసి, లివర్‌ను చేత్తో కదిపి చూశాడు. బిగుసుకుపోయింది. ఏళ్ల దుమ్ము, గడ్డకట్టిన గ్రీజు. పెట్రోలు గుడ్డతో తుడిచి, కీళ్లలో నూనె చుక్కలు వేశాడు. లివరు తేలిగ్గా ఆడాకే కొత్త స్ప్రింగు ఒక కొక్కేన్ని లివర్‌కూ, రెండోదాన్ని బ్రాకెట్‌కూ తగిలించాడు. వదులైతే రేకు పూర్తిగా మూసుకోదట. మరీ గట్టిదైతే కాలు పీకుతుంది, షాఫ్టు అరుగుతుంది. పక్కనే ఇంకో స్ప్రింగు కూడా వేశాడు. "ఒకటి తెగినా రెండోది లాగుద్దండి."

ఇంజిను ఆపి ఉంచే, నా చేత పెడల్ నేలదాకా తొక్కించి వదిలించాడు. ప్రతిసారీ 'టక్' మని వెనక్కి వచ్చింది. ఎయిర్ క్లీనర్ బిగించాక మళ్లీ తొక్కించాడు.

ప్రియులారా, ఆ 'టక్' శబ్దం నన్ను నిద్రపోనివ్వలేదు. మూడు వారాల క్రితం ప్రహరీ గోడ లెక్కల దగ్గర మన సంఘ పెద్ద ఒకరి మీద అందరి ముందూ కేకలు వేశాను. మీలో చాలామంది అక్కడే ఉన్నారు. మాట ఆగింది గానీ లోపల హోరు ఆగలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు ప్రసంగించాను. "వెళ్లి ఆయనతో మాట్లాడండి" అని మా ఇంటావిడ రెండుసార్లు చెప్పింది. నా మనస్సాక్షి తెగిపోతే పట్టుకోవడానికి దేవుడిచ్చిన రెండో స్ప్రింగు ఆమె. నేను వినలేదు. పేరుకున్న అహం అలాంటిది.

లూకా 22లో పేతురును చూడండి. మూడుసార్లు ప్రభువును ఎరుగనన్నాడు. ప్రభువు తిరిగి అతని వైపు చూశాడు. ఆ చూపు అతణ్ణి వెనక్కి లాగింది. బయటికి పోయి ఏడ్చాడు. మారుమనస్సు అంటే ఈ తిరిగి రావడమే. కోపం రాని సేవకుణ్ణని నేను మీతో చెప్పలేను. వచ్చిన కోపం ఎంతసేపట్లో దిగుతోందన్నదే నన్ను నేను వేసుకోవలసిన ప్రశ్న.

శనివారం ఉదయం ఆ పెద్దగారింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూర్చోండి అయ్యగారూ" అని కుర్చీ లాగారు. ఇంతవరకే జరిగింది. మిగిలినది ప్రభువు చేస్తాడు. అందరి ముందు అన్న మాట కాబట్టి, అందరి ముందే ఇది రాస్తున్నాను.

ఈ వారం మీరు ఎవరి ఇంటికి వెళ్లాలో ప్రార్థనలో అడగండి. దేవుడు మనలో పేరుకున్నదాన్ని కడిగి, మనలను తన వైపు తిప్పుకొనును గాక. ఆమేన్.