పాత కారుకు కొత్త గొంతు!

పదిహేనేళ్లు దాటిన మారుతీ 800. ఇంజిన్‌కి ఢోకా లేదు. ఏసీ ఫర్వాలేదు. టైర్లు మొన్ననే మార్చారు. పాట పెడితే మాత్రం... రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది! కొత్త కారు కొందామంటే లక్షలు కావాలి. ఉన్నదాన్ని అమ్ముదామంటే వచ్చేది అంతంతమాత్రం. అలాంటి కారున్న హైదరాబాదీలు చాలామంది ఏదో ఒకరోజు కోఠీ దారి పడతారు. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది గుజరాతీ గల్లీని.

కోఠీ అంటే భవంతి. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ హయాంలో, రెండొందల ఏళ్ల కిందట లేచిన రెసిడెన్సీ భవనమే ఆ పేరుకు మూలం. ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజార్లు 1933లో తిరిగి నిజాం చేతికొచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి. వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన గుజరాతీల పేరు ఈ సందుకి మిగిలింది. చీరలకు సుల్తాన్ బజార్, కరెంటు సామాన్లకు ట్రూప్ బజార్, పాత పుస్తకాలకు కోఠీ ఫుట్‌పాత్‌లు... శబ్దానికి గుజరాతీ గల్లీ!

గల్లీలోకి అడుగుపెడితే ముందు పలకరించేది చెవినే. ఒక కొట్లో మైకు 'హలో... చెక్' అంటుంది. పక్క కొట్లో ఊఫర్ ధడ్‌మంటుంది. గుమ్మాలకు తోరణాల్లా వేలాడే వైరు చుట్టలు, పెట్టెల మీద పెట్టెలుగా స్పీకర్లు, గాజు బల్ల కింద గుప్పెళ్లకొద్దీ పిన్నులు, రిమోట్లు, ఫ్యూజులు. బోనాలకూ వినాయక చవితికీ వీధులు దద్దరిల్లించే పెట్టెల సరంజామా నుంచి, అమ్మమ్మగారి రేడియోకి కావాల్సిన నాబ్ దాకా అక్కడ అడిగి చూడొచ్చు. తెలుగు, దక్కనీ, హిందీ, గుజరాతీ... నాలుగు భాషల్లోనూ బేరం సాగుతుంది.

అక్కడికి కారు వేసుకెళ్లాలనుకుంటే మాత్రం నిలిపే చోటు కోసమే సగం రోజు పోతుంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లోనో సుల్తాన్ బజార్ స్టేషన్లోనో మెట్రో దిగి నడిచిపోవడం మేలు. కారు బదులు దాని కొలతలు జేబులో ఉంటే చాలు. స్పీకర్ రంధ్రం వ్యాసం ఎంత? అద్దం పూర్తిగా కిందికి దింపితే దానికీ డోరు రేకుకీ మధ్య ఎంత లోతు మిగులుతుంది? డెక్ పట్టే ఖానా ఎంత? పాత కార్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ డిన్. అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఈ అంకెలు లేకుండా వెళ్తే కొన్న స్పీకర్ అద్దానికి తగులుతుంది, మర్నాడు మళ్లీ కోఠీ ప్రయాణం!

వాట్ల మాయ

'ఎన్ని వాట్లు గావాలె సార్?'

కొట్టువాడి మొదటి ప్రశ్న ఇదే. అట్టపెట్టె మీద '400' అని కొట్టొచ్చినట్టు ముద్రించి ఉంటుంది. పక్కదాని మీద '600'. రెండొందలు ఎక్కువ పెడితే రెండొందల వాట్లు ఎక్కువ వస్తుంటే ఎవరికి మనసాగుతుంది? అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆ అంకె 'పీక్'. కన్నుమూసి తెరిచేలోపు తట్టుకోగల గరిష్ఠం. చూడాల్సింది పెట్టె వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే 'ఆర్ఎంఎస్'. అంటే నిలకడగా మోయగల బరువు.

డెక్‌ల మీద రాసే '50 వాట్లు x 4' కథ కూడా ఇంతే. కారు బ్యాటరీ 12 వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా పోతుంది. విడిగా యాంప్లిఫయర్ లేని మామూలు డెక్, 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఆ వోల్టేజీతో నిలకడగా ఇచ్చేది ఒక్కో చానల్‌కి ఇరవై వాట్ల చుట్టుపక్కలే. మరి ఇరవై వాట్లు సరిపోతాయా? మారుతీ, శాంత్రో, ఆల్టో లాంటి చిన్న కార్ల గదికి బాగానే సరిపోతాయి... స్పీకర్ సరైనదైతే.

ఆ 'సరైనది' తెలిపే అంకె ఇంకోటుంది. దాని పేరు సెన్సిటివిటీ. డెసిబెల్స్‌లో రాస్తారు. 87 ఉన్న స్పీకర్ నలభై వాట్లు తిని చేసే చప్పుడు, 90 ఉన్నది ఇరవై వాట్లకే చేస్తుంది. మూడు డెసిబెల్స్ తేడా అంటే సగం కరెంటు ఆదా అన్నమాట. యాంప్లిఫయర్ కొనే స్తోమత లేనివాళ్లకి ఇంతకన్నా చవకైన యాంప్లిఫయర్ లేదు!

ముందు సీటుకే మర్యాద

మన కార్లలో ఓ అలవాటు బలంగా పాతుకుపోయింది. వెనక అద్దం కింది పలక మీద రెండు కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు బిగించడం. దారిన పోయేవాళ్లకి గొప్పగా కనిపిస్తాయి. కానీ కచేరీకి వెళ్లి వేదికకు వీపు పెట్టి ఎవరైనా కూర్చుంటారా? డ్రైవరుకీ పక్కన కూర్చున్నవాళ్లకీ పాట ఎదురుగా వినిపించాలంటే డబ్బు పెట్టాల్సింది ముందు డోర్లలో. ఉన్నది కాస్తే అయితే మొత్తం అక్కడే. వెనకవి తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు.

ఆ ముందు డోరు కూడా మామూలుది కాదు. లోపలి అట్ట విప్పితే చిల్లులు పడిన పల్చని రేకు కనిపిస్తుంది. స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు బయటికి వచ్చే గాలి, వెనక నుంచి వచ్చే గాలితో ఆ చిల్లుల్లోంచి కలిసిపోతుంది. ప్లస్సూ మైనస్సూ కొట్టుకుపోయినట్టు బేస్ కొట్టుకుపోతుంది. మిగిలేది రేకు మోత. మూడు వేల స్పీకర్ని చిల్లుల డోర్లో పెడితే మూడు వందల స్పీకర్లా పాడేది ఇందుకే.

దీనికి మందు డ్యాంపింగ్ షీటు. ఒకవైపు అల్యూమినియం రేకు, రెండోవైపు బంకలా అంటుకునే బ్యూటైల్ రబ్బరు. డోరు బయటి రేకుకి లోపలివైపున కొన్ని ముక్కలు అతికించి, లోపలి రేకు చిల్లులు మూసేస్తే తేడా వేలితో కొట్టి చూడొచ్చు. ఇంతకుముందు 'ఠంగ్'మన్న డోరు ఇప్పుడు 'ధబ్' అంటుంది. డోరు మూసినప్పుడు కూడా పెద్ద కారు చప్పుడొస్తుంది. ఒక్క జాగ్రత్త... డోరు అడుగున ఉండే చిన్న రంధ్రాలు మాత్రం మూయకూడదు. అద్దం సందుల్లోంచి దిగిన వాన నీరు బయటికి పోయేది వాటిలోంచే. అవి మూస్తే పాట బాగుపడుతుంది, డోరు తుప్పుపడుతుంది!

రంగుల లెక్క

గల్లీలో కొన్న సరుకు బిగించేది గల్లీలో కాదు. ఎవరి పేటలో వాళ్లకు తెలిసిన కార్ డెకార్ కొట్టు ఉంటుంది. అక్కడి కుర్రాడు పళ్లతో వైరు తొక్క లాగి, మెలితిప్పి, నల్ల టేపు చుట్టి అరగంటలో పని ముగిస్తాడు. పాట మోగుతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తారు. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. మే నెల ఎండలో టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. తొక్కలేని రెండు తీగలు కలుస్తాయి. దారిలో ఫ్యూజు లేకపోతే... పాట సంగతి దేవుడెరుగు, కారే దక్కదు.

కాబట్టి రంగులు తెలుసుకోవడం యజమానికీ అవసరమే. డెక్ వెనక పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునేది. ఎరుపు తాళం తిప్పినప్పుడే తీసుకునేది. నలుపు ఎర్త్. తొందరలో పసుపునీ ఎరుపునీ కలిపి కట్టేస్తే తాళం తీసినా డెక్ పూర్తిగా నిద్రపోదు. రెండు రోజులు కారు కదలకపోతే మూడో రోజు పొద్దున సెల్ఫ్ తిరగదు. నేరం మాత్రం బ్యాటరీ మీదికి పోతుంది!

స్పీకర్ల రంగులకీ ఓ పద్ధతుంది. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది ఆయా స్పీకర్ మైనస్. ఈ మైనస్‌ని కొన్ని పాత బండ్లలో చేసినట్టు బాడీకి కలిపితే నేటి డెక్‌లోని చిప్ కాలిపోతుంది. ఒక స్పీకర్‌కి ప్లస్సు, మైనస్సు తారుమారైతే కాలిపోదుగానీ ఒకటి ముందుకి తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతుంది, బేస్ మాయమవుతుంది. పరీక్ష చాలా సులువు. గోడ గడియారంలో వేసే బ్యాటరీని స్పీకర్ పిన్నులకి క్షణం తాకిస్తే, ప్లస్సుకి ప్లస్సు తగిలినప్పుడు కోన్ బయటికి కదులుతుంది.

యాంప్లిఫయర్ కూడా పెట్టేవాళ్లకి మూడే మాటలు. బ్యాటరీ నుంచి తీసిన వైరుకి జానెడు, జానెడున్నర లోపే ఫ్యూజు ఉండాలి. ఎర్త్ బిగించే చోట పెయింటు గీకి తెల్ల రేకు కనిపించాలి. కరెంటు వైరు ఒకవైపు, పాట తెచ్చే వైరు ఇంకోవైపు నడవాలి. ఈ చివరి రెండూ తప్పితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పాట వెనక సన్నగా ఈల వినిపించే ప్రమాదముంది.

స్పీకర్లకూ వైద్యులున్నారు

కొత్తవే కొనాలని లేదు. పాత స్పీకర్లలో ముందు పాడయ్యేది కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు. ఎండకీ తేమకీ పదేళ్లు దాటేసరికి వేలు పెడితే పొడైపోతుంది. అయస్కాంతం, కాయిల్ మాత్రం చాలాసార్లు నిక్షేపంగా ఉంటాయి. కోఠీ చుట్టుపక్కల చిన్న బల్లల ముందు కూర్చునే రిపేరువాళ్లు పాత అంచు గీకి కొత్తది అతికిస్తారు. కాయిల్ కాలితే కొత్త కాయిల్, కోన్ చిరిగితే కొత్త కోన్. వాళ్ల దగ్గర మీటరు ఉన్నా ముందు వాడేది వేళ్లే. కోన్‌ని నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా నొక్కుతారు. 'గర్ గర్'మని రాపిడి వినిపిస్తే కాయిల్ ఒరుసుకుంటున్నట్టు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ఈ పరీక్ష చేయొచ్చు. మీటరు పెడితే 4 ఓమ్‌ల స్పీకర్ మూడున్నర అటూఇటూగా చూపించాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే.

పదివేలు ఎక్కడెక్కడ?

చేతిలో పదివేలుంటే పంపకం సుమారుగా ఇలా ఉండొచ్చు. ముందు డోర్ల స్పీకర్ల జతకి మూడు వేలు. రెండు డోర్ల డ్యాంపింగ్‌కి రెండు వేలు. బ్లూటూత్ ఉన్న సాదా డెక్‌కి మూడు వేలు. మంచి రాగి వైరు, ఫ్యూజులు, కప్లర్లు, స్పీకర్ కింద పెట్టే చెక్క రింగులకి వెయ్యి. కూలికి వెయ్యి. వైరు కొనేటప్పుడు కొస గీకి చూడటం మంచిది. పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం ఉండే రకాలు బజారులో చాలానే ఉన్నాయి.

పాత డెక్ బాగానే ఉండి వెనక ఆక్స్ రంధ్రముంటే మూడు వేలూ మిగిలినట్టే. చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే ఫోన్లోని పాటలు వచ్చేస్తాయి. ఆ మిగిలింది స్పీకర్లకి మళ్లించొచ్చు. చేతిలో రెండు వేలే ఉంటే? కొత్తదేమీ కొనకుండా డోర్లు విప్పించి చిల్లులు మూయించి, ప్లస్సు మైనస్సులు సరిచేయించినా చాలు. ఘంటసాల గొంతు పళ్లెం మీంచి కాక మనిషి గుండెలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఆ తేడా ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

చేయకూడనిదల్లా ముందే పెద్ద తెర కొనడం. పది అంగుళాల తెర మీద బొమ్మ బాగుంటుంది. కానీ పాట వచ్చేది అదే చిల్లుల డోర్లోంచి కదా!

ఖానా మాయమవుతోంది

ఇప్పుడొచ్చే కార్లలో డెక్‌కంటూ విడిగా ఖానా లేదు. తెర, ఏసీ, వెనక కెమెరా అన్నీ ఒకే వ్యవస్థలో అల్లుకుపోయి ఉంటున్నాయి. ఒక వైరు కోస్తే గ్యారంటీ పోతుందని యజమానికి భయం. కంపెనీ ఇచ్చిన పాటే వినాలి, బాగోకపోతే కంపెనీ చెప్పిన ధరే కట్టాలి. విప్పి చూసుకునే స్వేచ్ఛ మిగిలింది పాత బండ్లకే. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. మొదటి తరం శాంత్రో కూడా ఆ ఏడాదే నిలిచిపోయింది. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. ఫిట్‌నెస్ నెగ్గితే ఇంకో ఐదేళ్లు పొడిగింపు. ఆ పొడిగింపుల మీద తిరిగే బండ్లతోనే, వేళ్లతో నొక్కి స్పీకర్ రోగం చెప్పే పనివాళ్ల బతుకూ పొడిగింపు మీద నడుస్తోంది.

ఆ బండ్లకి అమ్మకం విలువ పెద్దగా ఉండదు. పెట్టిన పదివేలు తిరిగి రావు. లెక్కల పుస్తకంలో అది నష్టమే. కానీ అదే కారులో పిల్లల్ని బడికి దింపినవాళ్లు, అమ్మానాన్నల్ని ఊరికి తీసుకెళ్లినవాళ్లు, ఇంకా రోజూ గంటసేపు ట్రాఫిక్‌లో కూర్చునేవాళ్లు ఆ పుస్తకం తెరవరు. కొలతలు రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని కోఠీ బయల్దేరతారు. వాళ్లకి వాట్లు అమ్మడానికి గల్లీ నిండా కొట్లున్నాయి. అడగాల్సింది మాత్రం ఒక్కటే... 'ఇది ఎంత గట్టిగా మోగుతుంది?' అని కాదు, 'తక్కువ పెట్టినప్పుడు మాట ఎంత తేటగా వినిపిస్తుంది?' అని. అడిగి చూడండి. గాజు బల్ల వెనకున్న పెద్దాయన ఒక్క క్షణం తలెత్తి చూస్తాడు. తర్వాత కింద అరలోంచి తీసే పెట్టె వేరేగా ఉంటుంది.