కొమ్ము విరిగితే మళ్ళీ రాదు!

మాది నేలకొండపల్లి, కంచెర్ల గోపన్న పుట్టిన వూరు. రామదాసు అనగానే మీకు 1964 నాటి నాగయ్యగారో, 2006 నాటి నాగార్జునో గుర్తొస్తారు. నాకు మాత్రం భద్రాచలం వైపు కోయల కొమ్ము ఆట గుర్తొస్తుంది.

సినిమా కోయదొరకి ఈకలు, పూసలు, అర్థంలేని కేకలు! అసలు ఆటే వేరు. తలమీద అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో డోలు. పండక్కీ పెళ్ళికీ దున్నల్లా కొమ్ములు కలిపి ఢీకొంటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుందంటే నమ్మండి!

ఆ కొమ్ములు తాతలిచ్చినవి. 1972 చట్టంతో అడవిదున్న వేట నేరమైంది. విరిగితే మరోటి రాదు. అందుకే అవి నా కంటికి వేషం కాదు, తలకెత్తుకున్న పెద్దలు. ఈసారి తెరమీద అట్టకొమ్ములకి ఈల వేసేముందు కాస్త ఆలోచిస్తారు కదూ?