పినాంగులో మూడు రోజులు

రెండు రైళ్ళ నడుమ దొరికే ఊరు, భోజనానికీ తాంబూలానికీ నడుమ పట్టే కునుకు వంటిది. దాన్ని ఎవరూ నిద్ర కింద లెక్కవెయ్యరు. కాని ఒక్కొక్కప్పుడు రాత్రి పట్టిన నిద్రకంటే ఆ కునుకులో వచ్చిన కలే జ్ఞాపకముంటుంది. పినాంగు నాకు అట్లా దొరికింది.

వేసవి సెలవుల్లో సింగపూరు నుంచి బ్యాంగ్‌కాక్ దాకా నేలమీదనే పోవాలని బయలుదేరాను. వీపున ఒక సంచీ, అందులో నాలుగు జతల బట్టలు, ఒక నోటు పుస్తకం. నలభై దాటినవాడు, కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకొనేవాడు, ఇట్లా కుర్రవాళ్ళలాగా సంచీ తగిలించుకొని తిరగడమేమిటని మా ఇంటావిడ అననే అన్నది. "వయసులో ఉన్నప్పుడు డబ్బు లేదు. ఇప్పుడూ లేదు గాని, అలవాటైపోయింది" అని జవాబు చెప్పి వచ్చేశాను. సరిహద్దు దాటిన తరువాత పట్టవలసిన రాత్రి రైల్లో మూడు రోజులదాకా పడక దొరకదని తెలిసింది. ఆ మూడు రోజులూ పినాంగు ద్వీపంమీద, జార్జిటౌను పట్టణంలో గడపవలసి వచ్చింది.

బటర్‌వర్త్ రైలు స్టేషను పక్కనే రేవు. అక్కడ పడవ ఎక్కితే పావుగంటలో అవతలి గట్టు. పడవలో నిలబడి చూస్తే ముందు ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక ఎత్తయిన మేడలు, వాటికీ వెనక మబ్బు కప్పుకొన్న కొండ. గాలి మాత్రం మన కాకినాడ రేవుగాలే. ఉప్పూ, చేపలూ, తడిసిన తాళ్ళూ కలిసిన వాసన.

చూలియా వీధిలో ఒక చవక బసలో దిగాను. ఒకదానిమీద ఒకటి పేర్చిన మంచాలు ఎనిమిది, ఒకే గదిలో. నాకు పై మంచం వచ్చింది. నిచ్చెన ఎక్కుతుంటే కింది మంచంమీది జర్మను కుర్రవాడు మర్యాదగా నా సంచీ అందుకొన్నాడు. ఏం చేస్తుంటారని అడిగాడు. తెలుగు సాహిత్యం చెబుతానన్నాను. ఆ భాష పేరు అతను ఎన్నడూ వినలేదు. ఎనిమిది కోట్లకు పైగా జనం మాట్లాడతారని చెబితే, తన దేశ జనాభా అంత ఉంటుందని ఆశ్చర్యపోయాడు. తరువాత అమాయకంగా, "అది చదివినవాళ్ళకు ఏ పని దొరుకుతుంది?" అన్నాడు. మా కాలేజీలో ప్రతి జూన్ నెలలోనూ ఇదే ప్రశ్న వింటాను. ఇంత దూరం వచ్చినా తప్పలేదు. నిద్ర వస్తున్నట్లు నటించి అటు తిరిగి పడుకొన్నాను.

మర్నాడు పొద్దున్నే ఊరు చూడ బయలుదేరాను. ఈ ఊళ్ళో ఎండకూ వానకూ భయపడనక్కరలేదు. దుకాణాల ముందు వరసగా కప్పు ఉన్న నడవలు. వాటిని 'కాకి లీమా' అంటారు. కాకి అంటే అడుగు, లీమా అంటే అయిదు, అయిదడుగుల దారి అన్నమాట. కింద దుకాణం, పైన కాపురం. ఒక గుమ్మంలో చీనా వైద్యుడి ఎండు వేళ్ళు, పక్క గుమ్మంలో మన పసుపు కుంకుమలు, ఆ పక్కన తోలు చెప్పులు. ఇటువంటి పాత ఇళ్ళు వందలకొద్దీ నిలిచి ఉన్నందువల్లనే 2008లో యునెస్కోవారు మలక్కాతోపాటు ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఈస్టిండియా కంపెనీ తరపున ఫ్రాన్సిస్ లైట్ అనే దొర 1786లో ఇక్కడ జెండా పాతాడు. అప్పుడు ఇదంతా అడవి. కొట్టడానికి కూలీలు బద్ధకిస్తే, ఫిరంగిలో వెండి నాణేలు కూరి అడవిలోకి పేల్చాడట. నాణేలు ఏరుకోవాలంటే పొదలు నరకాలి గదా! కథే కావచ్చుగాని, కంపెనీవారి తెలివిని గురించి అంతకంటె మంచి కథ మరొకటి లేదు. సముద్రపు ఒడ్డున ఉన్న కోటకు కారన్‌వాలిసు పేరు పెట్టారు. శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన ఆ కారన్‌వాలిసే. పాఠాల్లో చదువుకొన్న పెద్దమనిషి పేరు సముద్రానికి ఇవతల కనబడేసరికి, మన ఊరి కరణాన్ని తీర్థంలో చూసినట్లయింది.

తెలుగు మాస్టరు ఏ ఊరు వెళ్ళినా చూసేది బోర్డులే. మలయా భాషలో భాషను 'బహాస' అంటారు. పేరు 'నామ', రంగు 'వర్న', రుచి 'రస', ముఖం 'ముక'. తల 'కెపాల', మన కపాలమే. కరెంటు పెట్టెమీద పుర్రె బొమ్మ గీసి 'బహాయ' అని రాశారు. అది మన భయం. 'దోస' అంటే మాత్రం తినేది కాదు, పాపం. దోషం అన్నమాట. అందుకే కాబోలు హోటళ్ళలో దాన్ని 'తోసై' అంటున్నారని నవ్వుకొని, రెండు తోసైలు తిన్నాను. పాపం తగలలేదు.

మధ్యాహ్నం నాసి కందార్ తిన్నాను. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడిబద్ద. పూర్వం తమిళ ముస్లిములు కావడికి ఒకవైపు అన్నం, మరొకవైపు కూరలు కట్టుకొని వీధుల వెంట అమ్మేవారట. ఇప్పుడు కావడి పోయి కుర్చీలూ బల్లలూ వచ్చినా, పేరు కావడిని దించలేదు. చేపల పులుసులో చింతపండు ఘాటు తగలగానే ఇల్లు గుర్తుకొచ్చింది.

భోజనమైన తరువాత కపితాన్ కెలింగ్ మసీదు ముందు చాలాసేపు నిలబడ్డాను. 1801లో స్థాపించినది. తెల్లని గోడలు, నల్లని గుమ్మటాలు. కపితాన్ కెలింగ్ అంటే కెలింగుల పెద్ద. ఈ 'కెలింగ్' అనే మాట మన కళింగంలోనుంచి పుట్టిందని పండితులు చెబుతారు. మన తూర్పు తీరంనుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళను ఆ రాజ్యం పేరుతో పిలిచారు. రానురాను ఆ పేరు హిందూదేశంనుంచి వచ్చిన అందరికీ తగిలింది. ఈనాడు ఆ మాటతో పిలిస్తే ఇక్కడి మనవాళ్ళు తిట్టుగా భావిస్తారు. ఒక రాజ్యానికి కీర్తిగా ఉన్న మాట కూలి నెత్తిమీద పడి తిట్టుగా మారిపోయింది. మాటలకు కూడా జాతకాలుంటాయి సుమా!

అక్కడికి దగ్గర్లోనే, క్వీన్ వీధిలో, 1833లో కట్టిన మహామారియమ్మ కోవెల ఉన్నది. సాయంకాలం వాన మొదలైతే గోపురం కింద చేరి, ఇంటికి ఫోను చేసి మా ఆవిడతో మాట్లాడుతున్నాను. ఫోను పెట్టేసరికి పక్కన పూలు కడుతున్న ముసలమ్మ ఒకావిడ నావంకే చూస్తున్నది. డెబ్బై దాటి ఉంటాయి.

"ఏ ఊరు, బాబూ?" అన్నది.

తెలుగు! అదీ శ్రీకాకుళం తెలుగు. చెప్పాను. ఏం చేస్తావన్నది. అదీ చెప్పాను. ఆమె కట్టుతున్న దండ ఒళ్ళో పెట్టి, "అయితే సదువుతావన్నమాట" అన్నది. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి చదువు వచ్చా అని అడుగుతున్నదేమా అనుకొన్నాను. "రేపు ఈ ఏళకి రాగలవా?" అన్నది మళ్ళీ. మరునాడు రైలెక్కి కొండమీదికి పోవాలని అనుకొన్నాను. 1923నుంచి నడుస్తున్న తాడు రైలు అది. కాని ఆమె ముఖం చూసి వస్తానన్నాను.

మర్నాడు ఆమె మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. పద్దెనిమిదేళ్ళవాడు. ఇంగ్లీషు, మలయా, తమిళం మాట్లాడతాడు. తెలుగులో "అవ్వా", "అన్నం", "రా" మూడే వచ్చు. ఆమె పైటకొంగు ముడివిప్పి, పాలిథీన్ కాగితంలో చుట్టిన ఒక నీలం విమాన ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలుగా వేలాడుతున్నది. పోస్టు ముద్రమీద 1964.

ఆమె తండ్రి 1937లో 'రజూలా' ఓడమీద వచ్చాడు. మరుసటి ఏడు హిందూదేశ ప్రభుత్వం మలయా తోటలకు కూలీలను పంపడం ఆపివేసింది. కెడా రాష్ట్రంలో ఒక రబ్బరుతోట. చుట్టూ తమిళ కుటుంబాలే. తెలుగు అక్షరం వచ్చినవాడు ఆయన ఒక్కడే. ఈ ఉత్తరం వచ్చేనాటికి ఆయన చనిపోయి నెల దాటింది. ఆమెకు అప్పటికి పదేళ్ళు, తోట బడిలో తమిళం చదువుకొంటున్నది.

"ఎవరిచేతనైనా చదివించుకోలేకపోయారా, అమ్మా?"

"మా అమ్మ ఒద్దన్నాది. మంచి కబురైతే సదవకపోయినా మంచిదే. సెడ్డదైతే సదివినాకే గదా సెడ్డది అన్నాది. ఆవిడ పోయినాక నాకూ భయమే పట్టుకొన్నాది."

మనవడు తన ఫోనుకు చూపించాడట. ఆ చేతివ్రాత దానికి బోధపడలేదు. ఏవో పొంతనలేని ఇంగ్లీషు మాటలు చెప్పింది. నాకు మాత్రం మా తాతగారి చేతివ్రాతలాగే కనిపించింది. గొలుసుకట్టు రాత, తలకట్టు అక్కరలేదనుకొన్నప్పుడు వదిలేసే రాత. నేను చదవడం మొదలుపెట్టాను.

రాసినవాడు ఆమె పినతండ్రి. ఉభయకుశలోపరి. వానలు పడ్డాయి, ఊడ్పులయ్యాయి. చెల్లెలికి మగపిల్లవాడు. గుమ్మం ముందు పనసచెట్టు అన్న వాటాయే గనుక, కాయలు అమ్మడంలేదు, ఊళ్ళో పంచుతున్నారు. అమ్మకు చూపు తగ్గింది. అక్కడ ఒక వాక్యం వచ్చింది. నేను ఆగి, దాన్ని దాటేసి తరువాతి పంక్తికి వెళ్ళాను.

"సదవకుండా దాటీసినావు, బాబూ" అన్నది ఆమె.

పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లవాడూ నన్ను అట్లా పట్టుకోలేదు. తల వంచుకొని చదివాను: రెండు జాబులు వేసినాము, బదులు లేదు. నీవు మమ్మల్ని మరచిపోయినావని ఊళ్ళో అందరూ అంటున్నారు. అమ్మ మాత్రం ఒప్పుకోవడంలేదు.

వాన చూరునుంచి ధారగా పడుతున్నది. ఆమె ఏడవలేదు. "మరిసిపోలేదు. సచ్చిపోయినాడు" అన్నది మెల్లగా. కాసేపుండి, "ఆ మాట రాయి, బాబూ" అన్నది.

"అరవై యేళ్ళయింది గదమ్మా. ఎవరున్నారో, లేరో..."

"సెట్టైనా ఉంటాది గదా. ఆ ఇంట్లో ఎవులున్నా సదువుకొంటారు."

వీధిచివర ఒక కార్డు కొనుక్కొచ్చాను. మోకాలిమీద పెట్టుకొని ఆమె చెప్పింది చెప్పినట్లు రాశాను. అమ్మా నాయనా ఎప్పుడు పోయినారో, తనకు ఎందరు పిల్లలో, మీ కబురు అందిందని, మేమెవరమూ మిమ్మల్ని మరిచిపోలేదని. పనసకాయలు పంచినందుకు సంతోషమని కూడా రాయించింది. చివర సంతకం తానే చేసింది, తమిళ అక్షరాల్లో. నా తెలుగు గుండ్రాల కింద ఆ తమిళ సంతకం పరాయిదిగా కనబడలేదు. పోస్టాఫీసుదాకా ముగ్గురమూ నడిచాము. కార్డు పెట్టెలో వేసినది మనవడు.

మూడోనాటి పొద్దున పడవ రేవుకు ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది. ఒక అరటాకు పొట్లంలో పులిహోర. మనవడు నా ఫోను నంబరు రాసుకొన్నాడు.

"బదులు వస్తే వీడు పొటో తీసి అంపుతాడు. నువ్వు సదివి ఫోనులో సెప్పు" అన్నది. పడవ గంట కొట్టారు. నేను సంచీ ఎత్తుకొని మెట్టు దిగుతుంటే వెనకనుంచి మళ్ళీ కేకవేసింది:

"ఈసారి ఏదీ దాటీకు, బాబూ!"