పీనుగుల పక్షిని పెంచడం

విమర్శ వ్యాసాలు అచ్చయ్యే పత్రికలో కంప్యూటరు ఆటను గురించి రాయడమేమిటని అడిగే మిత్రులుండవచ్చు. మా విద్యార్థులు నవల చదివే గంటలకంటె ఆట ఆడే గంటలు ఎక్కువ. వీధి భాగవతాన్నీ, తోలుబొమ్మలాటనూ, సినిమానూ విమర్శకు తగిన వస్తువులుగా ఒప్పుకున్నవాళ్ళం. యువకులు తమ విశ్రాంతి కాలాన్నంతా ధారపోస్తున్న ఈ కొత్త కళను మాత్రం గడప బయట నిలబెట్టడానికి మనకున్న హక్కేమిటి? పైగా నేను చెప్పదలచినదానిలో ఆట సగమే. మిగిలిన సగం మన కవిత్వంలో పాతుకుపోయిన ఒక ఉపమానాన్ని గురించి.

ఆట పేరు ‘ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్డ్’. 2015 జూన్‌లో అసంపూర్ణరూపంలోనూ, 2017 ఆగస్టులో పూర్తిరూపంలోనూ విడుదలయింది. ఆడేవాడు ఒంటిమీద బట్ట లేకుండా ఒక సముద్రతీరాన కళ్ళు తెరుస్తాడు. రాళ్ళు ఏరుకోవాలి. చెట్టును పిడికిలితో గుద్ది కట్టె సంపాదించాలి. చలికి, ఎండకు, ఆకలికి, దాహానికి చచ్చిపోకుండా ఉండాలి. చుట్టూ ఎన్నడో అంతరించిన జంతువులు తిరుగుతుంటాయి. వాటిని చంపవచ్చు, తినవచ్చు, లేదా పట్టి పెంచవచ్చు. ఈ పెంపకంలోనే ఆట ఆయువుపట్టు ఉంది.

పెంచదగిన పక్షులలో ఒకటి అర్జెంటావిస్. ఇది కల్పించినది కాదు. అర్జెంటీనాలో దొరికిన ఎముకలను బట్టి 1980లో కాంప్‌బెల్, టోన్ని అనే శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టారు. సుమారు అరవై లక్షల సంవత్సరాల కిందటిది. బరువు డెబ్బై కిలోల దరిదాపు. రెక్కలు చాస్తే ఆరేడు మీటర్లు ఉండేదని అంచనా. ఇది బతికిన ప్రాణిని వేటాడేదా, చచ్చినదానిని తినేదా అన్న తగవు శాస్త్రజ్ఞులలో ఉంది. ఆట తయారుచేసినవారు మాత్రం దానిని పీనుగులు తినే పక్షిగానే నిర్ణయించుకున్నారు. మనిషిని వీపున మోయగలిగేటంత పెద్దది చేశారు. కళేబరం తింటే దాని గాయాలు మానుతాయి.

దీనిని పట్టే విధానం చెప్పాలి. ఎందుకంటే చెప్పదగిన విషయం ఆ విధానంలోనే ఉంది. ముందు మాంసాన్ని కుళ్ళనివ్వాలి. పచ్చిమాంసం ఆటగాడి సంచిలో పది నిమిషాలుంటే చాలు, కుళ్ళుతుంది. ఆ కుళ్ళు మాంసం ఒక పాలు, మత్తుపండ్లు అయిదు పాళ్ళు రోట్లో వేసి నూరితే మత్తుమందు వస్తుంది. మత్తుమందును బాణానికి పట్టించి కొట్టాలి. పక్షి మీదికి వస్తుంది. చావకుండా, స్పృహ మాత్రమే తప్పేటట్లు లెక్కచూసి కొట్టాలి. అది నేలకూలిన తరువాత అసలు పని మొదలవుతుంది. పక్కన కూర్చుని, మెలకువ వచ్చే సూచన కనిపించినప్పుడల్లా మళ్ళీ మత్తు పెట్టాలి. మాంసం దాని దగ్గర ఉంచాలి. ఆకలి వేసినప్పుడు ఆ మత్తులోనే తింటుంది. పచ్చిమాంసం కంటె గొర్రెమాంసమైతే త్వరగా లొంగుతుంది. ఈలోగా దానికి దెబ్బ తగిలితే లొంగుబాటు నాణ్యం తగ్గుతుంది కనుక ఇతర జంతువులనుంచి కాపలా కాయాలి. ఆట వచ్చిన కొత్తలో ఈ కాపలా గంటలకొద్దీ సాగేది. లేచేసరికి ఆ పక్షి మీది. పేరు పెట్టుకోవచ్చు. ఈల వేస్తే వస్తుంది, ఈల వేస్తే నిలుస్తుంది.

తెలుగులో ఈ పనికి రెండు మాటలున్నాయి: మాలిమి, మచ్చిక. నిఘంటువులు వాటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా ఇస్తాయి గాని, వాడుకలో తేడా ఉన్నది. మచ్చికలో రెండువైపులా చనువు ఉంటుంది. అమ్మమ్మ పెరట్లోకి వచ్చే కాకి ఆమెకు మచ్చికయింది అంటాము. ఆమె దానికి వల వేయలేదు, రేపు అది రాకపోయినా రాకపోవచ్చు. మాలిమిలో లొంగుబాటు పాలు హెచ్చు. అర్జెంటావిస్‌ను పట్టడం మాలిమి కూడా కాదనిపిస్తుంది నాకు. డేగను పెంచే వేటగాడు దానిని గాలిలోకి వదిలిన ప్రతిసారీ ఒక ప్రమాదానికి సిద్ధపడతాడు: అది తిరిగి రాకపోవచ్చు. ఈ ఆటలో లొంగిన పక్షి తనంతట తాను ఎన్నడూ ఎగిరిపోదు. అట్లాంటి ఊహకే చోటు లేదు. అది స్వేచ్ఛ పోగొట్టుకున్న పక్షి కాదు, స్వేచ్ఛ అనే గుణమే తీసివేయబడిన పక్షి.

2016 సెప్టెంబరులో ఈ ఆటకు అనుబంధంగా ‘స్కార్చ్‌డ్ ఎర్త్’ అనే ఎడారి భాగం వెలువడింది. అందులో అసలైన రాబందే ఉంది. చిన్నది, భుజంమీద కూర్చుంటుంది. దీనికి బాణం అక్కరలేదు. కుళ్ళిన మాంసం చేత పట్టుకుని దగ్గరకు వెళ్ళి పెడితే చాలు, మళ్ళీ మళ్ళీ పెడితే మనదవుతుంది. మచ్చిక అనే మాట ఇక్కడ కొంతవరకు చెల్లుతుంది.

ఇక పెంచినవాడికి ఏమి దక్కుతుంది? అర్జెంటావిస్ బరువులు మోస్తుంది. కొండమీది లోహాన్ని తవ్వే అంకిలోసారస్ అనే జంతువును కాళ్ళతో ఎత్తుకుపోయి కొండమీద దింపుతుంది, తవ్విన లోహాన్ని ఇంటికి చేరుస్తుంది. ఒక్కమాటలో అది ఉత్పత్తి సాధనం. పక్షులు ఎక్కువగా ఉన్న జట్టుకు లోహం ఎక్కువ, లోహం ఎక్కువ ఉన్న జట్టుకు ఆయుధాలు ఎక్కువ. కొన్నాళ్ళకు కొండలన్నీ ఆ జట్టువే అవుతాయి, చిన్నజట్లు కప్పం కట్టుకుని బతుకుతాయి. ఆదిమ సంచయం గురించి తరగతిలో గంటసేపు చెప్పినా తలకెక్కని కుర్రవాడు ఈ ముక్క చెబితే వెంటనే తల ఊపుతాడు. పిల్లపక్షి పుడితే మరీ కష్టం. గుడ్డును తగిన వేడిలో పొదిగించాలి, పిల్లకు మొదట చేత్తో తినిపించాలి, కొన్ని గంటలకొకసారి అది అడిగినట్లు నిమరడమో నడిపించడమో చెయ్యాలి. వసతిగృహంలో అర్ధరాత్రి రెండుగంటలకు అలారం పెట్టుకుని లేచి, లేని పక్షికి లేని మాంసం పెట్టి పడుకునే విద్యార్థులున్నారు. వారిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఆ శ్రద్ధ నిజమైనది. ఆ శ్రద్ధ ఎవరి ఆస్తిగా మారుతున్నదనేదే ప్రశ్న. 2023లో ఆ ఆట అధికారిక సర్వర్లు మూతపడ్డాయి. అక్టోబరులో దాని కొత్తరూపాన్ని వేరే వెలకు అమ్మకానికి పెట్టారు. పాత పక్షి ఒక్కటీ కొత్త ఆటలోకి రాలేదు. ఎనిమిదేళ్ళు రాత్రుళ్ళు మేలుకుని పెంచినవాడు యజమాని కాడు, పాలేరు.

ఇంతవరకు మన శిబిరంలో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. ఇకమీద ఉండవచ్చు.

అభ్యుదయ కవిత్వంలో రాబందు అంటే ఎవరు? వడ్డీ వ్యాపారి, జమీందారు, మిల్లు యజమాని, సామ్రాజ్యవాది. కార్టూన్లలో దానికి టోపీ పెట్టి, డాలరు గుర్తు వేసి చూపించాము. ‘రాబందుల రాజ్యం’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. కాని ఒకసారి నిదానంగా ఆలోచించండి. రాబందు దేనినీ చంపదు. దాని కాలిగోళ్ళు వేటకు పనికిరావు. ఎవరో చంపినదానినో, తనంతట తాను చచ్చినదానినో తిని, రోగం ఊరిలోకి పాకకుండా చేస్తుంది. ప్రకృతిలో దానికంటె నిర్దోషి అయిన మాంసాహారి ఉండదేమో. దోపిడీదారు బతికినవాడి నెత్తురు తాగుతాడు. అతనికి జలగ తగిన ఉపమానం, రాబందు కాదు.

ఇది జంతుశాస్త్రపు చాదస్తం అని కొట్టివేయవచ్చు. కాని ఆ ఉపమానానికి బలం ఎక్కడనుంచి వచ్చింది? ‘చచ్చినదానిని ముట్టుకునేది నీచమైనది’ అన్న ఏవగింపునుంచి. ఆ ఏవగింపు మనకు ఎవరు నేర్పారు? మన పల్లెల్లో చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చి, తోలు ఒలిచి, చెప్పులూ మోటబొక్కెనలూ కుట్టి వ్యవసాయాన్ని నడిపినవారు మాదిగలు. ఊరు ఆ తోలును వాడుకుంది, ఒలిచినవారిని వాడ చేసింది. దోపిడీదారును రాబందు అని తిట్టేటప్పుడు మనం ఆ వర్ణవ్యవస్థ దగ్గరనుంచే ఒక తిట్టును అప్పు తెచ్చుకుంటున్నాము. సంప్రదాయ వాఙ్మయం కూడా ఇక్కడ మనకంటె ఒక అడుగు ముందున్నదని ఒప్పుకోవాలి: గృధ్రరాజు జటాయువుకు రాముడు తండ్రికి చేసినట్లు అంత్యక్రియలు చేశాడు. గుడిలోకి పోలేని మనిషి సందేశాన్ని గుడిలోకి పోగల గబ్బిలానికి అప్పగించిన జాషువా, మేఘాన్ని వదిలి ఆ ‘అశుభ’ పక్షిని ఎన్నుకోవడం 1941 నాటికే ఈ పాఠం నేర్పింది. మనవాళ్ళు పద్యాన్ని మెచ్చుకున్నారు, పక్షిని మరిచారు.

మళ్ళీ ఆటకు వస్తాను. ఆ ఆటలో మొదటి గంటలోనే ప్రతివాడూ చచ్చిన జంతువును కోస్తాడు. గొడ్డలితో కొడితే తోలు ఎక్కువ వస్తుంది, గునపంతో కొడితే మాంసం ఎక్కువ వస్తుంది. ఆ తోలుతోనే బట్టలు, జీను. ఏ కులంలో పుట్టిన కుర్రవాడైనా ఈ పని వెనకాడకుండా చేస్తాడు; చేసినందుకు అతని బావి వేరు కాదు, గ్లాసు వేరు కాదు. కుళ్ళిన మాంసం అక్కడ అశుచి కాదు, ముడిసరుకు. తయారుచేసినవారు ఏ విప్లవమూ తలపెట్టలేదు, వారికి మన కులం సంగతి గుర్తుండి ఉండదు కూడా. అయినా ఆ తెరమీద కళేబరంపని అందరి పని అయింది.

ఎడారి రాబందు ఆటగాళ్ళ భుజాలమీద వాలింది 2016 సెప్టెంబరులో అన్నాను. అదే ఏడు జులైలో గుజరాత్‌లోని ఊనా దగ్గర, చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళిత యువకులను గోరక్షకులమని చెప్పుకున్నవారు కట్టి, నడివీధిలో కొట్టారు. ఆ తరువాత అక్కడి దళితులు కళేబరాలను బండ్లమీద తెచ్చి సురేంద్రనగర్‌లో ప్రభుత్వ కార్యాలయం ముందు పడవేశారు. ఇకమీద ఈ పని మేము చెయ్యము అన్నారు. ఆవు తోకను మీరే ఉంచుకోండి, మా భూమి మాకివ్వండి అన్నది వారి నినాదం. గౌరవం అడిగి ఊరుకోలేదు, కుటుంబానికి అయిదెకరాలు అడిగారు. కళేబరాలు వీధుల్లోనే ఉండిపోయిన ఆ రోజుల్లో, వాటిని తినవలసిన పక్షులు ఆకాశంలో లేవు.

అవి ఏమైనాయి? 1992, 2007 సంవత్సరాల మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మాత్రమే మిగిలేటట్లు తగ్గిపోయాయి. కారణం పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు. ఆ మందు పడిన పశువు చస్తే, దానిని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొద్దిరోజుల్లో చనిపోతుంది. 2004లో ఈ సంగతి ప్రచురితమైంది, 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించింది. నూటికి ఒక కళేబరంకంటె తక్కువలో మందు ఉన్నా జాతి మొత్తం కూలిపోవడానికి చాలునని లెక్కలు తేల్చాయి. రాబందులు పోయినచోట కళేబరాలు కుళ్ళాయి, కుక్కలు పెరిగాయి, నీరు చెడింది. ఫ్రాంక్, సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం 2000–2005 మధ్య ఈ కారణంగా సుమారు అయిదు లక్షలమంది మనుషులు అదనంగా చనిపోయారు. మనం తిట్టుగా వాడుకున్న పక్షి అంతకాలం జీతం లేకుండా చేసిన పారిశుధ్యపు పని విలువ ఆ అంకెలో ఉన్నది.

ఇప్పుడు నిజమైన రాబందును పెంచే పని జరుగుతున్నది: హర్యానాలోని పింజోర్‌లో, మన హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో, మరికొన్ని చోట్ల. తెలంగాణలో బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్టమీద 2013లో కొన్ని రాబందులు కనిపించాయి. ఈ పెంపకానికీ ఆ ఆటలోని పెంపకానికీ పోలిక వెతికి చూశాను. ఆటలో గుడ్డు రెండు మూడు రోజుల్లో స్వారీకి వచ్చే పక్షి అవుతుంది. ఇక్కడ జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల ఎదిగి తాను గుడ్డు పెట్టడానికి అయిదేళ్ళు పడుతుంది. మనిషికి అది మచ్చిక కాకూడదు. అయితే అడవిలో బతకలేదు. పేరు పెట్టి పిలవడానికి కాదు, వదిలివేయడానికే పెంచుతారు. పింజోర్‌నుంచి తెల్లవీపు రాబందులను మొదటిసారి 2020లో వదిలారు. రాబందు ఎంత దూరమైనా ఎగురుతుంది కనుక చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఆ మందు లేకుండా చూడాలి. అందువల్ల పంజరం తలుపు తీయడానికి ముందు కొందరు మామూలు రైతుల వేషంలో ఊరూరా మందుల దుకాణాలకు వెళ్ళి, మా గేదెకు నొప్పి ఉంది, ఏమిస్తారని అడిగి, ఇచ్చిన సీసా మీది పేరు రాసుకు వస్తారు.