లోపలి తడి

నా ఉద్యోగమేమిటో మా నాన్నగారికి చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది. "ఇంధన ఘటంలో హైడ్రోజనూ ఆక్సిజనూ కలిస్తే కరెంటు పుడుతుంది, నీరూ పుడుతుంది. ఆ నీరు ఎటు పోతోందో చూడడమే నా పని నాన్నగారూ" అన్నానొకసారి.

"నీళ్ళు చూడ్డానికి అమెరికా వెళ్ళాలట్రా?" అని నవ్వారు. కోనసీమ వరిచేలలో ఆయన జీవితమంతా చేసింది అదే మరి.

ఆ ఘటం లోహపు పలకల మధ్య మూసి ఉంటుంది. ఆ మాటున ఉన్న రవ్వంత నీటిని మామూలు ఎక్స్ కిరణాలతో పట్టడం కష్టం. న్యూట్రాన్ల తీరు వేరు. అల్యూమినియం గుండా అవలీలగా సాగిపోతాయి. నీటిలోని హైడ్రోజను తగిలితే చెదిరిపోతాయి. 2008లో, మేరీలాండ్‌లోని గేథర్స్‌బర్గ్ పరిశోధనా రియాక్టరు వద్ద, సన్నని వాయుమార్గాల మలుపుల్లో నిలిచిన నీటిని తొలిసారి చూశాను. తెరమీద నల్లని నీడ.

నడుమనున్న పొర తడిగా లేకుంటే ప్రోటాన్లు సాగవు. తడి మించితే సూక్ష్మరంధ్రాలు మూసుకుపోయి ఆక్సిజను అందదు.

సెలవులకు వెళ్ళినప్పుడు ఆ బొమ్మ నాన్నగారికి చూపించాను. చాలాసేపు చూసి, "మడవ తియ్యరేం?" అన్నారు. మేము చేసేదీ అదే. వాయువును ఉధృతంగా పంపి నీటిని బయటికి తోస్తాము.

చివరి రోజుల్లో ఆయన ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రి వసారాలో ఎక్స్‌రే పట్టుకుని నిలబడ్డాను. ఇక్కడ నీరు తెల్లగా ఉంది. ఎక్కడెక్కడ నిలిచిందో స్పష్టంగానే కనబడుతోంది.

మడవ ఎక్కడ తీయాలో మాత్రం నాకు తెలియలేదు.