నీళ్లు కాదు, మజ్జిగ

మిగతా వార్డుల్లో పేషెంటు నాలుగు రోజులుండి ఇంటికెళ్లిపోతాడు. మళ్లీ కనబడడు, కనబడకూడదు కూడా. డయాలిసిస్‌లో అలా కాదు. వారానికి రెండుసార్లో మూడుసార్లో, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు. ఉద్దానంలో పనిచేసే మాలాంటి నర్సులకి చుట్టాలకన్నా వీళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఎవరి తోటలో జీడి కాపు ఎలా ఉందో, ఎవరి కోడలికి ఎన్నో నెలో అన్నీ తెలుసు.

కవిటి వైపు నుంచి ఒక తాత వస్తాడు. ఆమధ్య బరువు చూస్తే మూడు కిలోలు ఎక్కువ, అంతా ఒంట్లో చేరిన నీరే. "నీళ్లు తెగ తాగేశావు కదా తాతా?" అంటే "నీళ్లేటి పాపా, మజ్జిగే" అన్నాడు. తిడదామంటే నవ్వొచ్చేసింది.

సూది గుచ్చేముందు చేతిలో ఫిస్టులా మీద, అంటే డయాలిసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోట, వేళ్లు పెడితే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. అది తగిలితే నాకు సగం దిగులు తీరినట్టే. "నువ్వే గుచ్చు పాపా" అని తాత చెయ్యి చాపుతాడు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంటుంది.

ఇక్కడ మేం ఎవరికీ జబ్బు నయం చేసి పంపం. మళ్లీ వచ్చేదాకా నెట్టుకొస్తాం, అంతే. ఆ అంతేలోనే నా ఉద్యోగమంతా ఉంది.

ఈసారి జీడిపప్పు తెస్తానన్నాడు తాత. పొటాషియం ఉంటుంది, నువ్వు ముట్టుకోకు అన్నాను.

"నీకేలే!"