కంపలో కలప

ఆదోని నుంచి రాయచూరు దారిలో మాధవరం వైపు వెళ్తుంటే తుంగభద్ర ఒడ్డుదాకా కళ్లకు కనిపించేవి రెండే. ఒకటి, నల్లరేగడి చేలల్లో పత్తి. రెండోది... చెరువు గట్లూ వంకలూ బీళ్లూ వదలకుండా అల్లుకున్న సర్కారు తుమ్మ. పత్తిని ఆదోని మార్కెట్లో వేలం వేసి కొంటారు. తుమ్మ మాత్రం పొయ్యికో, బొగ్గుల బట్టీకో, చేను చుట్టూ కంచెకో తప్ప పనికిరాదనే పేరు మోస్తోంది.

జమైకా నుంచి...

ఇది సీమలో పుట్టిన చెట్టు కాదు. ఎండిన నేలల్లో పెంచుదామంటూ 1876లో మద్రాసు అటవీ అధికారి బెడోమ్ ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడాది జమైకా విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నాటారు. అప్పుడు ధాత కరువు నడుస్తోంది. తర్వాత దాన్ని ఊరూరా మోసింది మేకలూ గొర్రెలే. తియ్యటి కాయలు తిని, గింజల్ని పెంటికలతోపాటు చల్లాయి. గుబురుగా పెరిగి, ఎండల్లోనూ పచ్చగా ఉంటుంది. నరికితే మళ్లీ చిగురిస్తుంది. చెక్క గట్టిదే కానీ వంకర. దూలానికి రాదు.

పార్టికల్ బోర్డుకు దూలం అక్కర్లేదు! కలపను చిన్న పేళ్లుగా కొట్టి, ఆరబెట్టి, యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కలిపి, వేడి ప్రెస్సులో అదిమితే పలక తయారు. వంకర కొమ్మయినా ఒకటే.

అయితే చిక్కులున్నాయి. గట్టి చెక్కకు కత్తులు త్వరగా మొద్దుబారతాయి. పేళ్లు బాగా కరుచుకోవాలంటే చెక్క కంటే పలక సాంద్రత కాస్త ఎక్కువుండాలి. అందుకే ఒక్క తుమ్మతో చేస్తే బోర్డు మరీ బరువెక్కుతుంది. తేలిక సరుకు కలపాలి.

పక్క చేలోనే జోడీ

ఆ సరుకు పక్కనే ఉంది... పత్తికట్టె! 1924లో మొదలైన ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ దానితో బోర్డులు చేసి చూపించింది. చాలాచోట్ల రైతులు ఆ కట్టెను చేలోనే తగలబెడతారు. అలాగే వదిలేస్తే గులాబీరంగు పురుగుకు నీడ. పీకి అమ్ముకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

మిగిలింది రవాణా. కంప లారీ నిండా కనిపిస్తుంది, తూకానికి రాదు. అందుకే పేళ్లు కొట్టే యంత్రం ఊళ్లోనే ఉండాలి. పొయ్యికి ఈ కంపనే నమ్ముకున్న ఇళ్ల వాటా వాళ్లకు వదలాలి. పత్తి తీతలు అయిపోగానే గుంటూరు మిరపచేలకూ బెంగళూరు కట్టడాలకూ ఈ పల్లెలు వలసపోతాయి. కట్టె పీకే కాలమూ అదే. కంప కొట్టే కూలి ఇక్కడే గిట్టితే, మూటాముల్లె సర్దుకునే ఇళ్లు కొన్నయినా తగ్గుతాయి.